కాలనీ పార్కులో ముళ్ల మొక్కలకు గాజు ఇల్లు: కావాలా, దండగా?

మిద్దెతోట: మా కాలనీ పార్కులో ఖాళీగా పడున్న మూలలో గాజు ఇల్లు కట్టి, కాక్టస్‌లు, సక్యులెంట్లు (ఒంట్లో నీళ్లు దాచుకునే కండగల మొక్కలు) పెట్టాలని అసోసియేషన్ మీటింగులో మాట వచ్చింది. నేను సై అన్నాను. గులాబీలు ఎక్కడైనా ఉంటాయి. మెక్సికో గోల్డెన్ బ్యారెల్ అనే గుండ్రటి కాక్టస్ ముందు పిల్లల్ని నిలబెడితే, దీనికి ఆకులేవి అని వాళ్లే అడుగుతారు. ఆకులే ముళ్లయ్యాయనీ, ఆకు పని కాండమే చేస్తోందనీ అక్కడే చెప్పొచ్చు. మీరేమంటారు?

ఉప్పల్‌వాసి: శుద్ధ దండగ. ఊళ్లో బ్రహ్మజెముడు కంచెలు చూస్తూ పెరిగినవాళ్లకి ముళ్లు కొత్తగా చూపిస్తారా? మా అమ్మయితే గుమ్మం దగ్గర ముళ్ల మొక్కని ఉండనివ్వదు.

మిద్దెతోట: ఆ బ్రహ్మజెముడూ అమెరికా ఖండం నుంచి వచ్చిందే అన్నా. ఎర్ర రంగునిచ్చే కొచినీల్ పురుగుల్ని పెంచాలని కంపెనీ దొరల కాలంలో మద్రాసులో దీనికి తోటే వేశారు. కంచెగా చూశాం గానీ మొక్కగా ఎప్పుడు చూశాం?

రాళ్లగుట్ట: పదేళ్లుగా మేడ మీద వీటిని పెంచుతున్నాను. నా పేచీ మొక్కలతో కాదు, గాజుతో. లండన్‌లో గాజు ఇల్లు కట్టేది చలికి. మనకి మేలో ఎండ 40 దాటుతుంది, గాజు కింద ఉడికిపోతాయి. పైగా ఇవి పగలు ఒంటి మీది సన్నటి రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకునే రకం. రాత్రికీ సెగ తగ్గని గదిలో పెడితే అది శిక్షే. ఇక్కడ అసలు శత్రువు వాన. మొదటి ఏడాది ఆగస్టులో నావి 11 కుండీలు అడుగునుంచి కుళ్లిపోయాయి (మా ఆవిడ ఇప్పటికీ లెక్క చెబుతుంది). పైన వెలుతురొచ్చే రేకు, నాలుగు వైపులా గాలి, మట్టిలో సగానికి సగం ఇసుక, కంకర. అంతే చాలు. హర్యానాలోని పంచకులలో 1987లో పెట్టిన కాక్టస్ తోట ఏడెకరాలు, అందులోనూ చాలా భాగం ఆరుబయటే.

ఉప్పల్‌వాసి: సరే, రేకుల షెడ్డే అనుకుందాం. కలబంద మట్టల మీద ప్రేమజంటలు పేర్లు చెక్కితే? ఆ మచ్చ పోదు కదా.

నాంపల్లినడక: చెక్కుతారు, అందుకే కంచె. నా గొడవ వేరు. అన్నీ బయటివేనా? నల్లేరు, బొంతజెముడు, కుందేటికొమ్ములు ఏం పాపం చేశాయి? నల్లేరు మీద బండి నడక అంటాం, ఆ తీగ ఎలా ఉంటుందో మా పిల్లలకి తెలీదు. బొంతజెముడుని అందరూ కాక్టస్ అనుకుంటారు. గిల్లితే పాలు కారతాయి, కాక్టస్ కాదు. ఆ పాలు కంట్లో పడితే మాత్రం ప్రమాదం, బోర్డు పెట్టాల్సిందే.

మిద్దెతోట: గాజు వదులుకుంటాను, బ్యారెల్‌ని వదులుకోను. రాళ్లగుట్ట గారూ, ఆ కుళ్లిన కుండీల ఫొటోలుంటే పంపండి. ఆదివారం మీటింగులో ప్రెసిడెంటు గారికి చూపించాలి.