తుడిస్తే అచ్చు ఊడిపోతోంది, గురువారానికి 150 సంచులు ఇవ్వాలి, ఎవరైనా చెప్పండి

ఒంగోలు అచ్చుల సంచులు:
అందరికీ నమస్తే. తెల్లవారుజామున నాలుగింటి నుంచి దీంతోనే కుస్తీ పడుతున్నాను, ఏమీ తేలలేదు. ఇంట్లోనే గుడ్డ సంచుల మీద చెక్క అచ్చులతో కలంకారీ వేసి అమ్ముతుంటాను. రెండేళ్ళయింది, ఇంతవరకు ఎవరితోనూ మాట పడలేదు. ఇప్పుడు ఒక పెళ్ళికి 150 తాంబూలం సంచులు ఒప్పుకున్నాను, 60 అయ్యాయి. నిన్న పెళ్ళికూతురి అమ్మగారు చూసుకోవడానికి వచ్చారు. చేతికి పసుపు ఉందేమో, ఒక సంచికి అంటింది. ‘తుడిస్తే పోతుందిలే అమ్మా’ అని తడిగుడ్డతో తుడిచారు. పసుపుతో పాటు నేను అచ్చు వేసిన కలశం బొమ్మ సగం లేచిపోయింది. ఎర్ర రంగంతా ఆ తడిగుడ్డలోనే ఉంది. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, సంచి మడిచి నా చేతికిచ్చి వెళ్ళిపోయారు. రాత్రంతా నిద్ర లేదు.

అన్నీ ఎప్పటిలాగే చేశాను. రంగు అదే, ఫిక్సర్ కలిపాను, బాగా ఎండబెట్టాను. మరి ఎందుకు ఊడుతోంది? గురువారం ఇచ్చేయాలి. త్వరగా చెప్పండి ప్లీజ్.

నెల్లూరు స్క్రీన్‌ప్రింట్:
బట్ట ఏది? రంగు ఏది? ఇస్త్రీ చేశారా?

చీరాల నేతింటి పెద్దాయన:
అమ్మాయీ, ముందు ఒక మాట. నువ్వు చేసేదాన్ని కలంకారీ అనకు తల్లీ. కలంకారీ అంటే బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఎండబెడతారు. నల్లరంగుకు ఇనప తుక్కు, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన కసిమి వాడతారు. ఎరుపు రావాలంటే పటిక అద్ది, చిరివేరుతోనో మంజిష్ఠతోనో ఉడకబెడతారు. ఆ రంగు నూలు లోపలికి దిగుతుంది. ఎన్నిసార్లు ఉతికినా పోదు, ఇంకా తేటపడుతుంది. డబ్బాలో దొరికే రంగు బట్ట పైన అంటుకుని ఉంటుందంతే. మా చీరాలలో తేలియా రుమాళ్ళు నేసే రోజుల్లో నూలుకు నూనె, బూడిద నీళ్ళు పట్టించడానికే రోజులు రోజులు పట్టేది. ఆ రుమాళ్ళు అరబ్బు దేశాలదాకా వెళ్ళాయి. తొందరపడితే రంగు నిలవదమ్మా.

కావలి రిటైర్డ్ మాస్టారు:
మీరు వాడే నీళ్ళు బోరువా, మున్సిపాలిటీవా? ఎవరూ దీన్ని పట్టించుకోరు. సముద్రం పక్కన మన ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. సబ్బు నురగ రాదు, తెల్లగా తెట్టు కడుతుంది. ఆ తెట్టు బట్టలో మిగిలిపోతే దాని మీద ఏ రంగూ సరిగ్గా పట్టదు. ఒక గ్లాసు నీళ్ళలో రవ్వంత సబ్బు వేసి ఊపి చూడండి. నురగ నిలిస్తే నీళ్ళు మంచివి. లేకపోతే వాననీళ్ళు పట్టుకుని వాడండి.

ఒంగోలు అచ్చుల సంచులు:
మాస్టారూ, రంగు వేశాక నేను అసలు నీళ్ళే తగలనివ్వలేదండీ. తుడిస్తేనే పోయింది.

కందుకూరు కుట్లు:
అక్కా, అడ్వాన్సు తీసుకున్నావా? 150 సంచులంటే చిన్న ఆర్డరు కాదు. బట్ట, రంగు, కుట్టుకూలి లెక్కేసి, నీ చేతి కూలిని మాత్రం వదిలేస్తావు చూడు, ఇంట్లోంచి చేసేవాళ్ళందరం చేసే తప్పు అదే. సగం డబ్బు చేతికొచ్చాకే కత్తెర పట్టాలి. ఉద్యం రిజిస్ట్రేషన్, అదే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు, చేయించుకున్నావా? ప్రభుత్వ సైట్‌లో ఆధార్‌తో ఉచితంగానే అవుతుంది, మధ్యలో ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు. జీఎస్టీ అని భయపడకు, మన రాష్ట్రంలోనే సరుకు అమ్ముకుంటుంటే ఏడాదికి 40 లక్షల అమ్మకం దాటేదాకా అవసరం లేదు.

నెల్లూరు స్క్రీన్‌ప్రింట్:
బట్ట ఏదని అడిగాను.

ఒంగోలు అచ్చుల సంచులు:
కాటనేనండీ. ఎప్పుడూ అదే షాపులో తీసుకుంటాను.

నెల్లూరు స్క్రీన్‌ప్రింట్:
కాటన్ అంటే సరిపోదు. అంచు నుంచి రెండు పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చండి. కాగితంలా కాలి బూడిద రాలితే కాటన్. ముడుచుకుని నల్లటి గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్ కలిసింది.

పొదిలి కుండీల చెల్లి:
అక్కా, నేను మట్టి కుండీల మీద ముగ్గు డిజైన్లు వేసి అమ్ముతాను. పేరు గురించి ఒక మాట. కస్టమర్లు ఫోన్ చేసి అడిగేదే ‘కలంకారీ సంచులున్నాయా’ అని. అద్దకం సంచులంటే ఎవరికీ అర్థం కాదు. ఆ పేరు పెట్టకపోతే ఎలా అమ్ముకోవాలి పెద్దాయనా?

చీరాల నేతింటి పెద్దాయన:
అర్థం కాకపోతే అర్థమయ్యేలా చెప్పాలి తల్లీ. అద్దకం అంటే మన తెలుగు మాటే, చక్కని మాట. శ్రీకాళహస్తి కలంకారీకీ, మచిలీపట్నం కలంకారీకీ వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ ఊరి పనికే ఆ పేరు చెల్లే జీఐ ట్యాగ్. రోజుల తరబడి ఆ పని చేసేవాళ్ళ అన్నం అది. డబ్బా రంగుతో వేసి అదే పేరు పెడితే వాళ్ళ ధర పడిపోతుంది. నాకు బాధ అందుకే.

సింగరాయకొండ బొమ్మలు:
పెద్దాయనా, అచ్చు వేస్తే అందులో కలం ఎక్కడుంది? కలంతో గీసేది శ్రీకాళహస్తి పని ఒక్కటే. దాన్నే కలంకారీ అనాలి.

చీరాల నేతింటి పెద్దాయన:
అచ్చులతో చేసినా మచిలీపట్నం, పెడన పనిని కలంకారీ అనే అంటారు నాయనా. అక్కడ అచ్చే కలం. తేడా అచ్చులో లేదు, రంగులో ఉంది.

ఒంగోలు అచ్చుల సంచులు:
దయచేసి నా సంగతి చూడండి. పేరు మార్చుకుంటాను, ఇకనుంచి అద్దకం సంచులనే చెప్తాను, మీ మాటలో న్యాయం ఉంది పెద్దాయనా. కానీ ముందు ఈ 60 సంచులు ఏం చేయాలి? పోగు కాల్చి చూశాను, కాగితంలాగే కాలింది, బూడిదే వచ్చింది. రంగు పిగ్మెంట్ రంగు, బైండర్‌లో కలిపినది. అన్నీ ఎప్పటిలాగే చేశానండీ, ఎందుకు నమ్మరు?

నెల్లూరు స్క్రీన్‌ప్రింట్:
నమ్మకపోవడం కాదమ్మా. మీరు ఫిక్సర్ అంటున్నది బైండరునా, విడిగా చిన్న సీసాలో వచ్చేదాన్నా?

ఒంగోలు అచ్చుల సంచులు:
రెండూ ఒకటి కాదా?

నెల్లూరు స్క్రీన్‌ప్రింట్:
కాదు. పిగ్మెంట్ రంగు దానంతట అది బట్టను పట్టుకోదు. బైండర్ జిగురులాంటిది, రంగు పొడిని బట్ట మీద పొరలా అంటిస్తుంది. ఫిక్సర్ ఆ పొరను గట్టిపరచడానికి కొద్దిగా వేసేది. అది కలిపిన రంగు ఆ రోజే వాడేయాలి. మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది వేడి. పొడి వేడి 150 డిగ్రీల దగ్గర నాలుగైదు నిమిషాలు తగిలితే గానీ ఆ పొర గట్టిపడదు. ఇస్త్రీ చేశారా లేదా అని మొదటి మాటలోనే అడిగాను.

ఒంగోలు అచ్చుల సంచులు:
ఎప్పుడూ మా వీధి చివర ఇస్త్రీ బండి అతనికి ఇస్తానండీ, మడతలు పోవాలని. ఈసారి అతను ఊరెళ్ళాడు. పైగా సంచులు మడత పెట్టి ఇచ్చేవే కదా అని డాబా మీద ఎండలో రెండు రోజులు ఆరేశాను. రోహిణి కార్తె ఎండ, పలకలా గట్టిగా ఎండిపోయాయి. ఎండకంటే వేడి ఏముంటుంది అనుకున్నాను.

నెల్లూరు స్క్రీన్‌ప్రింట్:
రెండేళ్ళు మీ రంగును పట్టి ఉంచింది ఆ బండి అతని బొగ్గుల ఇస్త్రీపెట్టె. బరువుగా ఉంటుంది, భగభగ కాగుతుంది, ఒక్కో సంచి మీద రెండు మూడుసార్లు గట్టిగా నొక్కుతాడు. రోహిణిలో రోళ్ళు పగిలినా 150 డిగ్రీలు రావు. ఎండలో ఆరిన పొర ఆరినట్టే ఉంటుంది, అంటుకోదు.

ఇప్పుడు గమ్మున ఒక సంచి తీసుకోండి. ఇస్త్రీపెట్టెను కాటన్ దగ్గర పెట్టండి, ఆవిరి వద్దు. సంచిని తిరగేసి, అచ్చు వైపు ఒక పాత తెల్లగుడ్డ పరిచి, వెనక నుంచి నొక్కండి. జర్రున లాగేయకూడదు, ఒక్కో చోట ఆపి, మాడకుండా కొద్దికొద్దిగా కదుపుతూ మొత్తం ఐదు నిమిషాలు. చల్లారాక తడిగుడ్డతో రుద్ది, చేయని సంచితో పోల్చి చెప్పండి.

చీరాల నేతింటి పెద్దాయన:
నాకింకో అనుమానం. తెల్ల బట్టా, కోరా గుడ్డా?

ఒంగోలు అచ్చుల సంచులు:
కోరాదండీ. ఎప్పుడూ తీసుకునే తెల్లది అయిపోయిందని షాపులో ఇది ఇచ్చారు. రెండూ కాటనే కదా అని చెప్పలేదు. 70 సంచులు కుట్టేశాను, మిగతా గుడ్డ థానులోనే ఉంది.

చీరాల నేతింటి పెద్దాయన:
అదీ సంగతి. కోరా గుడ్డలో నేతకు పెట్టిన గంజి అట్లాగే ఉంటుంది తల్లీ. పడుగు పోగులు తెగకుండా గంజి పెట్టే నేస్తాం. ఆ గంజి మీద నువ్వు వేసిన రంగు గంజికి అంటుకుంది, నూలుకు కాదు. తడి తగిలితే గంజి మెత్తబడి లేస్తుంది, రంగును వెంటబెట్టుకుని వస్తుంది. ఒక నీటిచుక్క వేసి చూడు. చుక్క పీల్చుకోకుండా పూసలా నిలబడితే బట్ట ఇంకా రంగుకు సిద్ధం కాలేదని లెక్క.

కావలి రిటైర్డ్ మాస్టారు:
ఇంకా ఖాయంగా తెలియాలంటే గాయాలకు పూసే అయోడిన్ మందు ఒక చుక్క నీళ్ళలో కలిపి బట్ట మూలకు అంటించండి. నీలంగా, నల్లగా మారితే గంజి ఉన్నట్టే. బడిలో అన్నం మెతుకు మీద పిల్లలకు చూపించేవాణ్ణి. గంజి తీయడానికి మాత్రం మంచి నీళ్ళే వాడండి, బోరు నీళ్ళతో సబ్బు పనిచేయదు.

నెల్లూరు స్క్రీన్‌ప్రింట్:
గంజి సంగతి నిజమే పెద్దాయనా, కానీ ఇక్కడ అసలు కారణం వేడే. గంజి ఉన్న బట్ట మీద వేసి, హీట్ ప్రెస్ (వేడి పలకతో నొక్కే మెషిన్) కింద పెట్టి ఇచ్చిన సంచులు మా దగ్గర బాగానే ఉన్నాయి.

చీరాల నేతింటి పెద్దాయన:
మీవి ఉతికారా ఎవరైనా?

నెల్లూరు స్క్రీన్‌ప్రింట్:
షాపింగ్ సంచులు ఎవరూ ఉతకరు కదా.

చీరాల నేతింటి పెద్దాయన:
తాంబూలం సంచి ఉతుకుతారు బాబూ. కొబ్బరికాయ తడి ఉంటుంది, పసుపు కుంకుమ అంటుతాయి. ఆడవాళ్ళు దాన్ని పారేయరు, ఏళ్ళ తరబడి కూరగాయలకు వాడతారు.

కందుకూరు కుట్లు:
అక్కా, మిగతా థాను ఉతికితే గుడ్డ కుంగుతుంది, కోరా ఇంకాస్త ఎక్కువ కుంగుతుంది. కత్తిరించకముందే ఉతుకు. కుట్టిన సంచిని ఉతికావనుకో, కుట్టు దగ్గర ముడుచుకుపోయి వంకర తిరుగుతుంది. అచ్చు వేయని ఆ పది సంచులనూ నానబెట్టకు.

ఒంగోలు అచ్చుల సంచులు:
రెండూ చేసి చూశాను. అయోడిన్ చుక్క పెట్టగానే బట్ట నల్లగా అయింది. ఇస్త్రీ చేసిన సంచి తడిగుడ్డతో మామూలుగా తుడిస్తే రంగు రాలేదు, దేవుడి దయ. గట్టిగా రుద్దితే మాత్రం కలశం అంచులు కొంచెం లేచాయి. ఇస్త్రీ చేయనిదాని మీద వేలు తడిపి రాసినా వచ్చేస్తోంది.

నెల్లూరు స్క్రీన్‌ప్రింట్:
అయితే 60కీ వేడి పెట్టేయండి. ఇంట్లో ఒక్కొక్కటీ అయితే ఐదారు గంటలు పడుతుంది. టీషర్టుల మీద ఫోటోలు వేసే షాపుల్లో హీట్ ప్రెస్ ఉంటుంది, గంటకింత అని మాట్లాడుకోండి. ఆ పెళ్ళివాళ్ళకు ఉతకొద్దని ముందే చెప్పండి. రంగు చిక్కబడిందని నీళ్ళు కలిపారా?

ఒంగోలు అచ్చుల సంచులు:
కలిపాను. ఎండకు ముద్దలా అవుతోందని.

నెల్లూరు స్క్రీన్‌ప్రింట్:
నీళ్ళు కలిపితే బైండర్ పలచబడుతుంది. బైండరే కలపాలి.

చీరాల నేతింటి పెద్దాయన:
మిగతా 90కి మాత్రం నా మాట విను. థానును రాత్రంతా నీళ్ళలో నానబెట్టు. పొద్దున పెద్ద గిన్నెలో పది లీటర్ల నీళ్ళకు నాలుగు చెంచాల వాషింగ్ సోడా, కాస్త సబ్బు వేసి గంటసేపు మరగనివ్వు. నీళ్ళు టీ రంగులోకి వస్తాయి, భయపడకు, అది నూలులోని మురికి. రెండు మూడు నీళ్ళు మార్చి జాడించి, మళ్ళీ నీటిచుక్క వేసి చూడు. టక్కున పీల్చుకోవాలి. అప్పుడే అచ్చు ముట్టుకో.

పొదిలి కుండీల చెల్లి:
చెక్క అచ్చులు ఎక్కడ చేయిస్తారు పెద్దాయనా? ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు అంత నాజూగ్గా చెక్కుతారు కదా, వాళ్ళు చేస్తారా?

చీరాల నేతింటి పెద్దాయన:
గరిటె చెక్కే చేయి వేరు, అచ్చు చెక్కే చేయి వేరు తల్లీ. అచ్చుకు టేకు కావాలి, పువ్వు రేకు ఒక్క వెంట్రుక మందం తప్పినా పక్క అచ్చుతో అతకదు. పెడన వెళ్ళు. కొత్త అచ్చును నూనెలో నానబెట్టాకే వాడు.

సింగరాయకొండ బొమ్మలు:
అచ్చుల ధర ఎంత ఉండొచ్చు? చిన్న మామిడిపిందె డిజైన్‌కి?

ఒంగోలు అచ్చుల సంచులు:
థాను నానబెట్టాను. మా తమ్ముడు హీట్ ప్రెస్ షాపుకు 60 సంచులూ పట్టుకెళ్ళాడు. పెళ్ళికూతురి అమ్మగారికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను, ‘సరేనమ్మా, తడవకుండా చూసుకుంటాం’ అన్నారు. గిన్నె పొయ్యి మీద పెట్టాలి, మళ్ళీ వస్తాను. థాంక్సండీ అందరికీ.

సింగరాయకొండ బొమ్మలు:
అచ్చు ధర ఎవరైనా చెప్తారా?