ఒకే ఘ్రాణ న్యూరాన్‌లో రెండు రిసెప్టర్ జన్యువులు: డబ్లెట్టా, నిజమా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఎలుక ఘ్రాణ పొర నుంచి తీసిన సుమారు 10,000 కణాల సింగిల్ సెల్ ఆర్‌ఎన్‌ఏ డేటా (ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూపేది) చూస్తున్నాను. 10ఎక్స్ 3-ప్రైమ్ కిట్ వాడారు. వెయ్యికి పైగా ఉన్న రిసెప్టర్ జన్యువుల్లో ఒక్కో న్యూరాన్ ఒక్కదాన్నే, అందులోనూ తల్లి ప్రతినో తండ్రి ప్రతినో మాత్రమే వాడుతుందని చదువుకున్నాం. ఇక్కడేమో చాలా కణాల్లో రెండు మూడు కనిపిస్తున్నాయి. ముదిరిన న్యూరాన్‌కు గుర్తైన ఓఎంపీ జన్యువు బాగా ఉన్న కొన్ని కణాల్లో ఒక్కటీ లేదు. డబ్లెట్‌ను (ఒకే చుక్కలో చిక్కి ఒకే కణంగా లెక్కకొచ్చే రెండు కణాలను) పట్టే టూల్ ఏమీ చెప్పడం లేదు. వీటన్నిటినీ తీసేయవచ్చా?

జవాబు:
తీసేయకండి. ముందు కణం వయసు తేల్చుకోవాలి, ఎందుకంటే లేత న్యూరాన్‌కీ ముదిరిన న్యూరాన్‌కీ నియమం వేరు. న్యూరోజీ1, న్యూరోడీ1 ఉంటే ఇంకా పూర్వకణం. గ్యాప్43, జీఎన్‌జీ8 ఉంటే లేత న్యూరాన్. ఓఎంపీ, జీఎన్‌జీ13 ఉంటే ముదిరినది. ఈ వరుసలో పెట్టి, ఒక్కో దశలో కణానికి ఎన్ని రిసెప్టర్లు ఉన్నాయో, ఒక్కోదానికి ఎన్ని యూఎంఐలు (ఒక్కో ఆర్‌ఎన్‌ఏ అణువును లెక్కపెట్టే గుర్తులు) ఉన్నాయో గ్రాఫ్ గీయండి. 3 యూఎంఐల కన్నా తక్కువ ఉన్నవాటిని ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

పూర్వకణాల చివరి దశలోనూ లేత న్యూరాన్లలోనూ కొద్దికొద్దిగా అనేక రిసెప్టర్లు కనిపించడం సహజమే. 2015లో ఘ్రాణ శాస్త్రవేత్త లిండా బక్ బృందం ప్రచురించిన పరిశోధనలో తేలింది ఇదే. ముదిరేసరికి ఒక్కటే మిగిలి విపరీతంగా పెరుగుతుంది. ముదిరిన కణంలో రెండు రిసెప్టర్లు దాదాపు సమానంగా ఉంటే మాత్రం అనుమానించాలి.

డబ్లెట్ టూల్ ఇక్కడ ఎందుకు పనిచేయదంటే, అది రెండు వేర్వేరు రకాల కణాలు అంటుకున్నప్పుడే పట్టగలదు. రెండు ముదిరిన న్యూరాన్లు అంటుకుంటే రిసెప్టర్ తప్ప మిగతాదంతా దాదాపు ఒకేలా ఉంటుంది. కాబట్టి ముదిరిన కణాల్లో రెండు రిసెప్టర్లు బలంగా కనిపించడమే డబ్లెట్‌కు మంచి గుర్తు. పాత కిట్లలో 10,000 కణాలకు సుమారు 8 శాతం డబ్లెట్లు వస్తాయి. మీ సంఖ్య ఆ చుట్టుపక్కల ఉండి, ఆ కణాల్లో మొత్తం యూఎంఐలు కూడా మిగతావాటికి దాదాపు రెట్టింపు ఉంటే వాటిని నిశ్చింతగా తీసేయండి.

ఇంకో జవాబు:
పై జవాబుకు రెండు విషయాలు చేరుస్తాను. మొదటిది పరిసర ఆర్‌ఎన్‌ఏ, అంటే చిట్లిన కణాల నుంచి ద్రవంలో కలిసిన ఆర్‌ఎన్‌ఏ. పపైన్ ఎంజైమ్‌తో కణాలు విడదీసేటప్పుడు ఈ న్యూరాన్లు సులువుగా చిట్లిపోతాయి. రిసెప్టర్ ఎంఆర్‌ఎన్‌ఏ వాటిలో చాలా ఎక్కువ కాబట్టి ద్రవంలోకి చేరి ప్రతి చుక్కలోనూ ఒకటో రెండో పడుతుంది. సీవైపీ2జీ1 ఉన్న ఆధార కణాలను చూడండి. వాటిలో ఓఎంపీ గానీ రిసెప్టర్లు గానీ కనిపిస్తే అదంతా కలుషితమే, మీ కలుషిత స్థాయి కూడా అక్కడే తెలుస్తుంది. సూప్‌ఎక్స్ గానీ సెల్‌బెండర్ గానీ (ఈ కాలుష్యాన్ని తీసేసే టూల్స్) నడిపాకే రిసెప్టర్లు లెక్కపెట్టండి.

రెండోది, ఓఎంపీ ఉండి రిసెప్టర్ లేని కణాలు. ఇది చాలావరకు అనోటేషన్ (ఏ జన్యువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే పట్టిక) లోపం. 3-ప్రైమ్ కిట్ రీడ్లు (చదివిన ఆర్‌ఎన్‌ఏ ముక్కలు) జన్యువు చివర పడతాయి. పాత అనోటేషన్లలో చాలా రిసెప్టర్లకు ఆ చివరి భాగం కుదించి ఉంది, కాబట్టి రీడ్లు జన్యువుల మధ్య ఖాళీలో పడినట్టు లెక్కలోంచి పోతాయి. కొత్త జెన్‌కోడ్ అనోటేషన్ వాడండి. చివరలను గుడ్డిగా 5 కిలోబేసులు పొడిగించవద్దు: ఈ జన్యువులు గుంపులుగా ఉంటాయి కాబట్టి పక్క జన్యువు రీడ్లు ఇందులో చేరి, లేని రెండో రిసెప్టర్ పుడుతుంది. పోలికలున్న జన్యువుల రీడ్లు ఒకటి కంటే ఎక్కువ చోట్ల అతికితే 10ఎక్స్ లెక్కింపు సాఫ్ట్‌వేర్ సెల్ రేంజర్ వాటిని వదిలేస్తుంది. అలాంటి రీడ్లను జన్యువుల మధ్య పంచే ఈఎం పద్ధతితో స్టార్‌సోలో సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి సరిచూసుకోండి.

మళ్లీ ప్రశ్న:
ధన్యవాదాలండీ. లేత కణాల్లో అన్నీ కొద్దికొద్దిగా మొదలై ఒక్కటే మిగలడం ఎలా? నాణ్యత వడపోతలో ఏటీఎఫ్5 ఎక్కువున్న కణాలు ఒత్తిడిలో ఉన్నాయనుకుని తీసేశాను, అదీ ఇదీ సంబంధం ఉన్నవా?

జవాబు:
ఉన్నాయి, ఆ కణాలను వెనక్కి తెచ్చుకోండి. రిసెప్టర్ జన్యువుల గుంపులన్నిటి మీదా ముందు హెచ్3కే9ఎంఈ3, హెచ్4కే20ఎంఈ3 అనే, జన్యువులను మూసే రసాయన గుర్తులు పడి మూతబడి ఉంటాయి. ఒకదాన్ని తెరవడానికి ఎల్‌ఎస్‌డీ1 ఎంజైమ్ కావాలి. గ్రీక్ ఐలాండ్స్ అనే 63 ఎన్‌హాన్సర్లు (జన్యువు పనిని పెంచే డీఎన్‌ఏ భాగాలు) వేర్వేరు క్రోమోజోముల నుంచి ఒక చోటికి చేరతాయి; ఎల్‌హెచ్‌ఎక్స్2, ఈబీఎఫ్ అనే ప్రోటీన్లు వాటి మీద కూర్చుంటే ఎల్‌డీబీ1 వాటిని కట్టిపడేస్తుంది. ఆ గుంపు పక్కకు చేరిన జన్యువే గెలుస్తుంది.

ఆ తర్వాత రిసెప్టర్ ప్రోటీన్ ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లో తయారవుతుంటే ఒత్తిడిని గుర్తించే పెర్క్ ఎంజైమ్ చురుకై, ఈఐఎఫ్2-ఆల్ఫా ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలి, ఏటీఎఫ్5 ప్రోటీన్ పుడుతుంది. దాని వల్ల ఏడీసీవై3 అనే ఎంజైమ్ వస్తుంది, ఎల్‌ఎస్‌డీ1 తగ్గుతుంది, మరో జన్యువు తెరుచుకునే దారి మూసుకుపోతుంది. అంటే మీరు తీసేసిన ఏటీఎఫ్5 ఈ న్యూరాన్ ఎదుగుదలలో సహజ భాగమే. విడదీసినప్పటి ఒత్తిడి చూడాలంటే ఫాస్, ఏటీఎఫ్3 జన్యువులు చూడండి.

ఒక జాగ్రత్త: ముక్కు పైభాగానికి చెందిన రిసెప్టర్లు కిందిభాగపు పూర్వకణాల్లోనూ మొదట కొద్దిగా కనిపిస్తాయి. అందుకని పైది, కిందిది కలిసి కనబడితే డబ్లెట్ అనే సూత్రాన్ని లేత కణాలకు వర్తింపజేయవద్దు. ముదిరిన కణాలకు అది బాగానే పనిచేస్తుంది.

ఇంకో ప్రశ్న:
ఎన్‌హాన్సర్లన్నీ కలిసే పనిచేస్తాయంటున్నారు కదా. మరి వాటిలో హెచ్ అనే ఎన్‌హాన్సర్ ఒక్కటి తీసేసిన ఎలుకలో రిసెప్టర్లన్నీ తగ్గాలా?

జవాబు:
తగ్గవు. 14వ క్రోమోజోములో హెచ్ పక్కనే ఉన్న ఎంఓఆర్28 అనే రిసెప్టర్ జన్యువుల గుంపులోని కొన్నే తగ్గుతాయి, మిగతా చోట్ల ఉన్న ఎన్‌హాన్సర్లు తమ పని తాము చేసుకుపోతాయి. అన్నీ పడిపోవాలంటే ఎల్‌హెచ్‌ఎక్స్2, ఈబీఎఫ్, ఎల్‌డీబీ1 లాంటివి పోవాలి. అందుకే అలాంటి ప్రయోగంలో మొత్తం సగటు చూస్తే మార్పు కనపడదు, జన్యువు జన్యువుకూ విడిగా పోల్చండి.

మొదటి ప్రశ్న అడిగినవారికి: అన్ని వడపోతల తర్వాత కూడా ముదిరిన కణాల్లో ఏదైనా జంట పదేపదే వస్తుంటే కణజాలం మీద రెండు రంగుల ఇన్ సిటు (కణజాలంలోనే ఆర్‌ఎన్‌ఏకు రంగు ప్రోబ్‌లు అంటించి చూసే పద్ధతి) చేయండి. ప్రోబ్‌లను ప్రోటీన్ కోడ్ చేసే భాగం నుంచి కాకుండా ప్రోటీన్ కోడ్ చేయని చివరి భాగం 3-ప్రైమ్ యూటీఆర్ నుంచి ఎంచుకోండి, లేకపోతే పోలికున్న జన్యువులన్నిటికీ అంటుకుంటాయి. ఈ పొరలో న్యూరాన్లు ఒకదాని మీద ఒకటి కిక్కిరిసి ఉంటాయి. మందపాటి ముక్క తీస్తే పైకణం రంగు, కిందికణం రంగు కలిసి ఒకే కణంలా కనిపిస్తాయి. పలుచగా కోసి, కన్ఫోకల్ సూక్ష్మదర్శినిలో ఒక్కో తలం విడిగా చూసి, రెండు రంగులూ ఒకే కేంద్రకం చుట్టూ ఉంటేనే లెక్కలోకి తీసుకోండి.