ఒకడికి 18 కావాలి, ఇంకొకడికి 26: రూమ్‌లో ఏసీ పంచాయితీ తేలేదెట్లా?

బైరాగిపట్టెడ బ్యాచిలర్:
పై అంతస్తులో 10×12 గది, ముగ్గురం ఉండాం. 1.5 టన్ను ఏసీ, ఇన్వర్టర్ కాదు. ఒకడు 18 పెట్టి రిమోట్ దిండు కింద దాచుకుంటాడు. ఇంకొకడి మంచం సరిగ్గా ఏసీకి ఎదురు. రాత్రి రెండింటికి వణుకుతా లేచి స్విచ్ కట్టేస్తాడు. అరగంటకు ఉక్కపోసి మొదటివాడు లేస్తాడు. మధ్యలో నాకు నిద్ర లేదు. ఏ నంబరు పెడితే ముగ్గురికీ సరిపోతుంది?

కొర్లగుంట ఏసీ మెకానిక్:
నంబరు సంగతి తర్వాత, ముందు గాలి దారి మార్చండి. స్వింగ్ ఆపి, అడ్డం రెక్కను పూర్తిగా పైకి పెట్టండి. చల్లగాలి సీలింగ్ వెంబడి పోయి మెల్లగా కిందికి దిగుతుంది, ఎవరి మీదా నేరుగా కొట్టదు. లోపలుండే నిలువు రెక్కల్ని మెయిన్ ఆపి, చేత్తో మంచం లేని వైపు తిప్పండి.

18 పెడితే గది త్వరగా చల్లబడుతుందనేది భ్రమ. మీది ఇన్వర్టర్ ఏసీ కాదు కాబట్టి కంప్రెసర్ తిరిగితే పూర్తిగా తిరుగుతుంది, లేదంటే ఆగుతుంది. 18 పెట్టినా 24 పెట్టినా, గది 24 చేరేదాకా పట్టే టైమ్ ఒకటే. పైగా సెన్సర్ ఉండేది ఏసీలో, గాలి పీల్చుకునే చోట. మంచం దగ్గర ఎంతుందో దానికి తెలీదు.

ఫిల్టర్లు 15 రోజులకోసారి కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టండి. దుమ్ము పట్టితే గాలి తగ్గి కాయిల్ (లోపల చల్లబడే గొట్టాలు) మీద ఐసు కడుతుంది, తర్వాత గోడ మీద నీళ్లు కారతాయి.

ఎం.ఆర్.పల్లి సివిల్:
అర్ధరాత్రే గొడవ ఎందుకు వస్తోందో చూడండి. పై అంతస్తు స్లాబు పగలంతా ఎండ తాగి, ఆ వేడిని పొద్దుపోయాక గదిలోకి వదుల్తుంది. పదింటికి 18 పెట్టినా చాలినట్టుండదు. తెల్లవారుజామున స్లాబు చల్లబడ్డాక అదే 18కి గది ఐసుపెట్టె అవుతుంది. రాత్రంతా ఒకే నంబరు పెట్టడమే ఇక్కడ తప్పు. పడుకునేటప్పుడు 24, సీలింగ్ ఫ్యాన్ రెండులో. ఒంటిగంట దాటాక 26. స్లీప్ మోడ్ ఉంటే అదే పెంచుకుంటుంది, చాలా మోడళ్లలో గంటకో డిగ్రీ చొప్పున రెండు గంటలు. ఇంటి ఓనరు ఒప్పుకుంటే మిద్దె మీద తెల్ల కూల్‌రూఫ్ పెయింట్ రెండు కోట్లు వేయించండి. ఒప్పుకునే ఓనర్లు తక్కువే అనుకోండి.

ఒక చిన్న డిజిటల్ థర్మామీటర్ కొని మూడు మంచాల మీదా పరుపు ఎత్తులో పెట్టి చూడండి. ఎవరి దగ్గర ఎంతుందో కనపడితే సగం వాదన అక్కడే ఆగుతుంది.

కరెంటు లెక్కలు:
2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ రూమ్ ఏసీలు 24 డిఫాల్ట్‌తోనే వస్తున్నాయి. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం మిగులుతుందని బీఈఈ (స్టార్ లేబుళ్లు ఇచ్చే కేంద్ర సంస్థ) లెక్క. మీ ఏసీ కంప్రెసర్ తిరిగే ప్రతి గంటకూ దాదాపు ఒకటిన్నర యూనిట్లు. 18 పెడితే అది ఆగడమే అరుదు. వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్లకు రేటు కూడా పెరుగుతుంది, ఆ భారం 26 అడిగేవాడి మీద కూడా పడుతోంది. ఏసీ లైనుకు ఎలక్ట్రీషియన్‌తో సబ్‌మీటర్ పెట్టించండి, ఏసీకి ఎంత కాలిందో విడిగా తెలుస్తుంది.

వేడి ఎక్కువ అనిపించేవాడికి సొంత టేబుల్ ఫ్యాన్, ఎదురు మంచం కూడా వాడికే. చలివాడు మూలకు మారతాడు. రిమోట్‌కు గోడ స్టాండే చోటు.

బైరాగిపట్టెడ బ్యాచిలర్:
రెక్క పైకి పెట్టినాం, వణుకు తగ్గింది. కానీ ఏసీ కట్ అయిన పది నిమిషాలకే ఒళ్లు జిడ్డుగా ఉండాది. 24 చూపిస్తానే ఉంది.

కొర్లగుంట ఏసీ మెకానిక్:
గదిలో తడిబట్టలు ఆరేస్తున్నారా? మూసిన గదిలో ఆ తడంతా గాలిలోకే పోతుంది. కంప్రెసర్ ఆగినా బ్లోయర్ (ఏసీ లోపలి ఫ్యాన్) తిరుగుతానే ఉంటుంది కాబట్టి, కాయిల్ మీద మిగిలిన నీళ్లు కూడా మళ్లీ గదిలోకే వస్తాయి. దండెం బాల్కనీకి మార్చండి. అయినా తగ్గకపోతే డ్రెయిన్ పైపులో నీళ్లు ధారగా బయటికి పోతున్నాయో లేదో చూడండి.