లైబ్రరీ భవనాల పాత పోస్టుకార్డులు: ఎప్పటివో ఎలా తెలుస్తుంది, కొనేముందు ఏం చూడాలి?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. మా తాత కావలి దగ్గర ఒక శాఖా గ్రంథాలయంలో చాలా ఏళ్లు పనిచేశారు. ఆయన పోయి మూడేళ్లయింది. మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే అటక మీద బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి దొరికింది. అందులో 60కి పైగా బొమ్మల పోస్టుకార్డులున్నాయి. గుళ్లు, రైల్వే స్టేషన్లు కొన్ని ఉన్నా, 18 మాత్రం లైబ్రరీ భవనాలవే. వాటిని విడిగా దారం కట్టి పెట్టుకున్నారు. మాకెవరికీ ఎప్పుడూ చూపించలేదు.

ఆ కట్టను నేను కొనసాగించాలనుకుంటున్నాను. ఈ విషయంలో నాకేమీ తెలియదు, అందుకే అడుగుతున్నాను. చాలా కార్డుల మీద తేదీ లేదు, ఎప్పటివో ఎలా తెలుసుకోవాలి? ఒకటి అమెరికాలో అయోవా రాష్ట్రంలోని ఏదో చిన్న ఊరిది, కింద ‘కార్నెగీ లైబ్రరీ’ అని ఉంది, చుట్టూ తెల్ల అంచు ఉంది. ఇంకో 5 కార్డులు నల్ల కాగితాల ఆల్బమ్‌కి అంటుకుపోయాయి. నీళ్లతో తడిపి తీయమని మా పిన్ని అంటోంది.

అన్నిటికన్నా తొందరైనది ఇది. ఆన్‌లైన్‌లో ఒకాయన మద్రాసు కన్నెమరా లైబ్రరీ కార్డు ‘1905 నాటి అసలు ఫోటో కార్డు’ అని 2,800 రూపాయలు చెబుతున్నాడు. ముందు వైపు ఫోటో ఒక్కటే పెట్టాడు. రేపటిలోగా పంపకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తానంటున్నాడు. ఒకటే టెన్షన్‌గా ఉంది. తాత కట్టలో మద్రాసుది లేదు, అందుకే వదులుకోబుద్ధి కావడం లేదు.

చివరగా, మన జిల్లాల లైబ్రరీల కార్డులు ఎక్కడైనా దొరుకుతాయా?

జవాబు (నెల్లూరు, మూలాపేట నుంచి)

అమ్మా, ముందు ఆ డబ్బు పంపకండి. మిగతావి తీరిగ్గా మాట్లాడుకుందాం. వెనక వైపు చూపించని కార్డు ఎంత చవగ్గా ఇచ్చినా కొనకూడదు. నేను 20 ఏళ్లకు పైగా పోగుచేస్తున్నాను. పోగొట్టుకున్న ప్రతి రూపాయీ ముందు వైపు చూసి మురిసిపోయినప్పుడు పోయిందే.

ఆయన్ని రెండు ఫోటోలు అడగండి. ఒకటి వెనక వైపుది, రెండోది పక్కన స్కేలు పెట్టి తీసింది. పాత కార్డులు ఎక్కువగా మూడున్నర అంగుళాలకు అయిదున్నర, అంటే 9 సెంటీమీటర్లకు 14 ఉంటాయి. ఇప్పటి మళ్లీముద్రణలు చాలావరకు 4 అంగుళాలకు 6 ఉంటాయి. ఈ ఒక్క కొలతతోనే సగం మోసాలు బయటపడతాయి.

కార్డు చేతికొచ్చాక భూతద్దంతో చూడాలి. అచ్చు కార్డయితే చిన్న చిన్న చుక్కలు కనిపిస్తాయి. చుక్కలున్నంత మాత్రాన అది నకిలీ కాదు, పాత అచ్చు కార్డులకూ చుక్కలుంటాయి. కానీ అమ్మేవాడు ‘అసలు ఫోటో కార్డు’ అన్నాడంటే, అంటే నెగెటివ్ నుంచి నేరుగా ఫోటో కాగితం మీద వేసిందని అర్థం. అందులో చుక్కలుండవు, నలుపు నుంచి తెలుపు దాకా నీడ జారినట్టు సాఫీగా ఉంటుంది. పాత ఫోటో కార్డుని ఏటవాలుగా పట్టుకుంటే నల్లటి చోట్ల వెండిలాంటి నీలపు మెరుపు కనిపించడం కూడా మామూలే. అది వయసుతో వచ్చేది, మచ్చ అనుకుని తుడవకండి.

దొంగనోట్లు చూసే నీలం లైటు ఉంది కదా, అదీ పనికొస్తుంది. 1950ల నుంచి కాగితం తెల్లగా కనిపించడానికి ఒక రసాయనం కలపడం మామూలైంది. చీకట్లో ఆ లైటు వేస్తే అలాంటి కాగితం నీలంగా వెలుగుతుంది. వెలిగితే అది 1905 నాటిది కాదు. వెలగలేదు కాబట్టి పాతదే అనుకోవడం మాత్రం తప్పు.

ఇంకో మాట. కన్నెమరా లైబ్రరీ 1896 డిసెంబరులో తెరిచారు, ఎగ్మూరు మ్యూజియం ఆవరణలోనే ఉంది. అదే ఆవరణలో మ్యూజియం థియేటరు, ఎర్రరాతి విక్టోరియా మెమోరియల్ హాలు కూడా ఉన్నాయి. ఆ ఎర్రరాతి హాలు కార్డును లైబ్రరీ అని నాకు ఒకాయన అంటగట్టాడు. కొనేముందు ఇప్పటి ఫోటోలతో పోల్చి చూసుకోండి.

జవాబు (ఒంగోలు నుంచి, ఫోటో స్టూడియో)

నీళ్లు వద్దక్కా, దయచేసి వద్దు. ఫోటో కార్డు పైపొర జెలటిన్, తడిస్తే ఉబ్బి కాగితంతో పాటు లేచి వస్తుంది. అచ్చు కార్డయినా వెనక ఫౌంటెన్ పెన్ను రాత ఉంటే సిరా పాకిపోతుంది. ఆవిరి పట్టడం, ఇస్త్రీ పెట్టె పెట్టడం కూడా వద్దు.

మా దగ్గరికి ఇలాంటి ఆల్బమ్‌లు తెస్తుంటారు. ముందు ఏ మూలైనా వదులుగా ఉందా చూస్తాం. ఉంటే పళ్ల మధ్య శుభ్రం చేసుకునే సన్నని దారాన్ని కార్డుకీ ఆల్బమ్ కాగితానికీ మధ్య పోనిచ్చి, రంపంలా మెల్లగా ఇటూ అటూ లాగుతాం. కార్డుని మాత్రం వంచం. దారం ఆగిన చోట ఆపేస్తాం. మొండిగా లాగితే కార్డు అట్ట పొరలుగా చీలుతుంది, బొమ్మ ఒక పొరలో, వెనక రాత ఇంకో పొరలో ఉండిపోతాయి. రాకపోతే ఆల్బమ్ కాగితాన్నే కార్డు చుట్టూ కత్తిరించి అలాగే దాచండి. వెనక నల్ల కాగితం ఉన్నా నష్టం లేదు.

జవాబు (నెల్లూరు, మూలాపేట నుంచి)

స్టూడియో తమ్ముడు చెప్పింది అక్షరాలా పాటించండి. ఇప్పుడు తేదీల సంగతి.

వెనక్కి తిప్పి మధ్యలో నిలువు గీత ఉందో లేదో చూడండి. మొదట్లో వెనక వైపు అడ్రసు మాత్రమే రాయాలి, కబుర్లన్నీ ముందు వైపు బొమ్మ పక్కన వదిలిన తెల్ల జాగాలో రాసేవాళ్లు. బ్రిటన్‌లో 1902లో, అమెరికాలో 1907 మార్చి 1 నుంచి వెనకే ఒక సగం ఉత్తరానికి, ఒక సగం అడ్రసుకి ఇచ్చారు. అందుకని బొమ్మ మీద రాత ఉంటే పాడైన కార్డని పక్కన పెట్టకండి, అది ఇంకా పాతదై ఉండొచ్చు.

మీ అయోవా కార్డుకి తెల్ల అంచు ఉందన్నారు. అమెరికా అచ్చు కార్డుల్లో అది 1915 నుంచి 1930 మధ్య వాడుక. అంతకుముందు అక్కడి మంచి రంగుల కార్డులు చాలావరకు జర్మనీలో అచ్చయ్యేవి. మొదటి ప్రపంచయుద్ధంతో ఆ దారి మూసుకుపోయింది. ఆ తరవాత 1930ల నుంచి గుడ్డ నేతలాంటి గరుకు కాగితం వచ్చింది, వేలితో తడిమితేనే తెలుస్తుంది.

ఆ కార్నెగీ కార్డు గురించి చెప్పాలి. అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ డబ్బుతో 1883 నుంచి 1929 దాకా ప్రపంచంలో 2,509 లైబ్రరీలు కట్టారు, ఎక్కువ భాగం అమెరికాలోనే. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడ పోస్టుకార్డుల పిచ్చి ముదిరింది. చిన్న ఊరికి కొత్తగా వచ్చిన గొప్ప భవనం లైబ్రరీయే కాబట్టి దాని కార్డు అచ్చువేయని ఊరు లేదన్నట్టుండేది. అందుకే అవి ఇప్పటికీ చవగ్గా దొరుకుతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వాటితో చేయి తిప్పుకోవడం మంచిది.

మన దేశపు కార్డులు వెతికేటప్పుడు ‘లైబ్రరీ’ అనే మాటను నమ్ముకుంటే సగం కార్డులు తప్పిపోతాయి. నాకు ఇది అర్థమవడానికి ఏళ్లు పట్టింది. బొంబాయి ఏషియాటిక్ సొసైటీ లైబ్రరీ కావాలంటే ‘టౌన్ హాల్, బాంబే’ అని వెతకాలి. కలకత్తా ఇంపీరియల్ లైబ్రరీ 1903లో తెరిచింది మెట్‌కాఫ్ హాలులో, కాబట్టి ఆ పేరుతో చూడాలి. బెంగుళూరు కబ్బన్ పార్కులోని ఎర్ర లైబ్రరీ ‘శేషాద్రి మెమోరియల్ హాల్’ అని ఉంటుంది. మద్రాసుకి ‘మ్యూజియం’ అని కూడా వెతకండి. మద్రాసు కార్డుల మీద హిగ్గిన్‌బాథమ్స్, వీల్ అండ్ క్లైన్ అనే పేర్లు కనిపిస్తే ఆగి చూడండి, బాగా పేరున్న ప్రచురణకర్తలు. అయితే ఒకే నెగెటివ్‌తో ఏళ్ల తరబడి కార్డులు వేసేవాళ్లు. కాబట్టి కార్డు వయసు వేరు, బొమ్మ వయసు వేరు.

తపాలా ముద్ర ఉంటే అదే గట్టి సాక్ష్యం. మన దేశపు తపాలా బిళ్ల మీద రాజు తల చూసి కూడా అంచనా వేయొచ్చు, కిరీటం లేని బట్టతల గడ్డం ఎడ్వర్డ్ అయితే 1902 తరవాత, కిరీటం పెట్టుకున్న గడ్డం జార్జ్ అయితే 1911 తరవాత.

జవాబు (చీరాల నుంచి)

మన వైపు లైబ్రరీల గురించి అడిగారు. మా పక్కనే వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918లో పెట్టారు, 1929లో గాంధీగారు భవనానికి శంకుస్థాపన చేశారు. దాని బొమ్మతో పెద్ద కంపెనీ అచ్చువేసిన పాత కార్డు నేనైతే ఒక్కటి కూడా చూడలేదు. ఆ కంపెనీలు దొరలూ యాత్రికులూ తిరిగే ఊళ్లకే వేసేవి.

మన దగ్గర వెతకాల్సింది ఇంకోటి. వెనక పోస్టుకార్డు గీతలు ముందే అచ్చువేసిన ఫోటో కాగితం దొరికేది. ఊళ్లోని స్టూడియోవాళ్లు దాని మీద వార్షికోత్సవాల గ్రూపు ఫోటోలు వేసి ఇచ్చేవాళ్లు. కార్యవర్గం కుర్చీల్లో, వెనక లైబ్రరీ గుమ్మం. అలాంటివి పాత కార్యదర్శుల ఇళ్లల్లో ఫ్రేముల్లో ఉంటాయి. ఫ్రేము వెనక తీసి చూస్తే పోస్టుకార్డు అని తెలుస్తుంది. అడిగి తీసుకోవడం కుదరకపోతే రెండు వైపులా ఫోటో తీసుకుని రండి, అదీ సేకరణే. నెల్లూరు వర్ధమాన సమాజం గ్రంథాలయం వైపు కూడా ఇలాగే అడగాలి.

కావలి నుంచి

అందరికీ చాలా థాంక్సండీ. ఆయన వెనక వైపు ఫోటో పంపాడు. స్కేలు పెట్టమంటే పెట్టలేదు. అడ్రసు గీతల కింద వరసగా 6 చిన్న గడులు ఉన్నాయి. అవి పిన్‌కోడ్ గడులేనా?

జవాబు (నెల్లూరు, మూలాపేట నుంచి)

పిన్‌కోడ్ గడులే అమ్మా. మన దేశంలో పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. ఇంక చెప్పడానికేముంది! 2,800 మిగిలాయి. బొమ్మ బాగుంటే 20, 30 రూపాయలకు మళ్లీముద్రణ అని రాసి పెట్టుకోవడానికి కొనొచ్చు, అంతకుమించి వద్దు.

ఇప్పుడు మీ డబ్బా సంగతి. కావలి ఉప్పుగాలికి రేకు తుప్పు పడుతుంది, తుప్పు కార్డుకి అంటితే పోదు. డబ్బా జ్ఞాపకంగా ఉంచుకోండి, కార్డులు మాత్రం బయటికి తీయండి. వాసన కొట్టే మెత్తటి పీవీసీ కవర్లు కొనొద్దు, అవి కొన్నేళ్లకి జిగటగా మారి బొమ్మను లాగేస్తాయి. పాలీప్రొపిలీన్ కవర్లని అడిగి తీసుకోండి. లామినేషన్, సెలోటేపు, స్టేప్లరు పిన్నులు ఏవీ వద్దు. అటక మీద వేడి, బయటి గోడ పక్కన చెమ్మ, రెండూ చెరుపే, లోపలి గది బీరువా మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, తుఫాన్లు కాబట్టి సిలికా జెల్ పొట్లాలు వేసి నెలకోసారి మార్చండి. వేపాకు వేసే అలవాటుంటే బాగా ఎండినది గుడ్డలో మూటకట్టి పక్కన పెట్టండి, కార్డుకి తగలనీయకండి.

అన్నిటికన్నా ముందు 18 కార్డులూ రెండు వైపులా స్కాన్ చేయండి. వెనక వైపు మరిచిపోవద్దు.

కావలి నుంచి

సార్, స్కాన్ చేశాను. అంటుకుపోయిన 5లో 3 దారంతో వచ్చాయి, మిగతా రెండింటినీ కాగితంతోనే కత్తిరించాను. మీరు వెనక వైపు అని అన్నిసార్లు ఎందుకన్నారో ఇప్పుడు తెలిసింది. చాలా కార్డుల వెనక తాత పెన్సిలుతో సన్నగా రాసుకున్నారు. అయోవా కార్డు వెనక ‘మెట్లు ఎక్కువ. ముసలివాళ్లు ఎక్కలేరు’ అని ఉంది. బెంగుళూరుది వెనక ‘కిటికీలు ఇలా, చెట్టు నీడ’. ఇంకోదాని వెనక ‘ఆడవాళ్లకి వేరే గుమ్మం?’ అని ప్రశ్న గుర్తుతో.

మా నాయనని అడిగితే చెప్పాడు, తాత పనిచేసిన లైబ్రరీ అద్దె ఇంట్లో ఉండేదట. సొంత భవనం కోసం ఆయన చాలా తిరిగారట. ఆయన ఉద్యోగంలో ఉండగా అది రాలేదు.

పెన్సిలు రాత బాగా మాసిపోయింది. పైన పెన్నుతో దిద్దనా?

జవాబు (నెల్లూరు, మూలాపేట నుంచి)

దిద్దొద్దమ్మా. ఆ చేతిరాత మీద ఇంకో గీత పడకూడదు. రబ్బరు కూడా దగ్గరికి రానివ్వకండి. గది చీకటి చేసి, టార్చిలైటు కార్డుకి పక్కనుంచి పడేలా నేల మట్టాన పెట్టి ఫోటో తీయండి. పెన్సిలు నొక్కిన గాడి నీడతో అక్షరం లేచి కనిపిస్తుంది. ఆ 18 వెనక వైపులూ తీసి ఇక్కడ పెట్టండి. చదవలేనివి తలో చెయ్యి వేసి చదువుదాం.