డిగ్రీలో సైకాలజీ చదివినవాళ్లు ఉన్నారా? లోపల ఎలా ఉంటుందో చెప్పండి

పాలకొల్లు బైపీసీ
అందరికీ నమస్కారం. ఇంటర్ బైపీసీ ఈ ఏడాదే అయింది. నీట్ లాంగ్ టర్మ్‌కి వెళ్లనని ఇంట్లో చెప్పేశాను. సైకాలజీ మేజర్‌గా డిగ్రీ చేయాలని ఉంది. నాన్న కాదనలేదు గానీ, "అది చదివి ఏం చేస్తావమ్మా" అని అడిగితే నా దగ్గర సరైన జవాబు లేదు. మామయ్యేమో దూరవిద్యలో కట్టేసి పక్కన ఇంకేదైనా కోర్సు చేసుకోమంటున్నారు. లెక్కలు ఎంతవరకు ఉంటాయి? డిగ్రీ అవగానే కౌన్సెలర్‌గా చేరొచ్చా? ఉన్నదున్నట్టు చెప్పండి.

తార్నాక
హైదరాబాద్‌లో బీఏ చేశాను. సైకాలజీ, ఇంగ్లిష్ లిటరేచర్, జర్నలిజం మా కాంబినేషన్. ఎదుటివాళ్ల మనసులో మాట కనిపెట్టడం నేర్పుతారనుకుని చేరినవాళ్లు మా క్లాసులో చాలామంది ఉండేవాళ్లు. మొదట్లో వచ్చేది కన్ను ఎలా చూస్తుంది, చెవి ఎలా వింటుంది, న్యూరాన్, సినాప్స్. నువ్వు బైపీసీ కాబట్టి ఇది నీకు తేలికే. తర్వాత నేర్చుకోవడం, జ్ఞాపకం మీద పావ్లోవ్, స్కిన్నర్, ఎబింగ్‌హాస్ చేసిన ప్రయోగాలు. ఆ పైన డెవలప్‌మెంటల్, సోషల్. మానసిక రుగ్మతల గురించి చెప్పే, అందరూ ఎదురుచూసే అబ్‌నార్మల్ సైకాలజీ మాకు చివరి ఏడాదిలో గానీ రాలేదు.

నాకు సబ్జెక్టు మీద ప్రేమ పుట్టింది ల్యాబ్‌లో. మిర్రర్ డ్రాయింగ్ అని ఒక ప్రయోగం ఉంది. జంట గీతల మధ్య సన్నటి దారి ఉన్న నక్షత్రం బొమ్మ బల్ల మీద పెడతారు. చెయ్యి కనపడకుండా అడ్డంగా ఒక పలక, ఎదురుగా అద్దం. అద్దంలో చూస్తూ గీత దాటకుండా పెన్సిల్‌తో చుట్టి రావాలి. మూల దగ్గరికి రాగానే చెయ్యి మొరాయిస్తుంది, పైకి పోనిద్దామంటే కిందికి పోతుంది. పక్కన స్టాప్‌వాచ్ పట్టుకున్న అమ్మాయి టైము, తప్పులు రాసుకుంటుంది. ముందు ఎడమచేత్తో ఒకసారి, తర్వాత కుడిచేత్తో పదే పదే, ఆఖర్న మళ్లీ ఎడమచేత్తో. మధ్యలో ఎడమచేతికి ప్రాక్టీసే ఇవ్వలేదు, అయినా టైమూ తగ్గింది, తప్పులూ తగ్గాయి. బైలేటరల్ ట్రాన్స్‌ఫర్ అంటారు దీన్ని. పుస్తకంలో ఆ పేరా ఎన్నిసార్లు చదివినా రాని నమ్మకం నా అంకెలు నేను చూసుకున్నప్పుడు వచ్చింది.

అందుకే కాలేజీ ఎంచుకునే ముందు అక్కడి సీనియర్లని అడుగు, ల్యాబ్ ఉందా, మెమరీ డ్రమ్మూ (జ్ఞాపకశక్తి ప్రయోగాలకి పదాలు ఒక్కొక్కటిగా చూపించే పరికరం) ముల్లర్-లయర్ బోర్డూ (గీతల పొడవు విషయంలో కన్ను ఎలా మోసపోతుందో చూపించేది) బయటికి తీసి చేయిస్తారా, లేక బీరువాలో పెట్టి తాళం వేస్తారా అని.

గుంటూరు గోంగూర
లెక్కల సంగతి నేను చెప్తా. మా బ్యాచ్‌లో టెన్షన్ అంతా అక్కడే. ఉండేది స్టాటిస్టిక్స్: మీన్, మీడియన్, స్టాండర్డ్ డీవియేషన్, కోరిలేషన్, టీ-టెస్ట్, కై-స్క్వేర్. కూడికలు, వర్గాలు, వర్గమూలాలు తెలిస్తే చాలు, కాలిక్యులస్ జోలికి పోరు. లెక్క చేయడం త్వరగానే వచ్చేస్తుంది. ఎక్కడ ఏ టెస్ట్ వాడాలో తెలియడానికే టైము పడుతుంది.

మేం ఒకసారి హాస్టల్లో ఉండేవాళ్లూ, ఇంటి నుంచి వచ్చేవాళ్లూ ఎన్ని గంటలు నిద్రపోతున్నారో క్లాసులోనే అడిగి రాసుకున్నాం. సగటు చూస్తే హాస్టల్ వాళ్లది తక్కువ. అందరం ఓ నిర్ణయానికి వచ్చేశాం. తీరా టీ-టెస్ట్ వేస్తే ఆ కాస్త తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చని తేలింది. ఆ రోజు నుంచి పేపర్లో "పరిశోధనలో తేలింది" అని కనబడితే ఎంతమందిని అడిగారా అని చూస్తాను. ఇలాంటి లెక్కలు చేసిపెట్టే జమోవీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, సెలవుల్లో దించుకుని చూడు.

వాల్తేరు అప్‌ల్యాండ్స్
అమ్మా, మీ నాన్నగారికి చెప్పాల్సిన జవాబు నా వంతు. నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని, ఓపిగ్గా చదువు.

డిగ్రీతో క్లినికల్ సైకాలజిస్ట్ అవ్వరు. మన దేశంలో ఆ పేరు పెట్టుకుని పని చేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ రిజిస్టర్‌లో పేరుండాలి. మా కాలంలో దారి ఒకటే: డిగ్రీ, పీజీ, ఆ తర్వాత ఆర్‌సీఐ గుర్తించిన చోట రెండేళ్ల ఎం.ఫిల్. బెంగళూరు నిమ్‌హాన్స్, రాంచీ సీఐపీ లాంటి మానసిక వైద్య సంస్థల్లో సీటు కోసం పోటీ తీవ్రంగా ఉండేది. ఇప్పుడు ఆ దారి మారుతోంది. యూజీసీ 2022 నిబంధనలతో ఎం.ఫిల్ ఎత్తేసింది, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 అడ్మిషన్ల వరకు గడువిచ్చింది. ఆర్‌సీఐ గుర్తింపుతో నాలుగేళ్ల బీఎస్సీ క్లినికల్ సైకాలజీ ఆనర్స్ కూడా మొదలైంది. ఏ కాలేజీ ఏం చెప్పినా ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆమోదం ఉన్న సంస్థల జాబితా చూడకుండా ఫీజు కట్టొద్దు.

మీ మామయ్యగారి సలహా మాత్రం ఇప్పుడు కుదరదు. 2021 నాటి అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం కిందికి సైకాలజీ కూడా వస్తుంది కాబట్టి, 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో కొత్త అడ్మిషన్లు ఇవ్వొద్దని యూజీసీ చెప్పింది. ఇంకా ఎవరైనా ఇస్తామంటే రాతపూర్వకంగా అడుగు.

కౌన్సెలర్ ఉద్యోగాలకు, ముఖ్యంగా స్కూళ్లలో, ఎక్కువగా పీజీ అడుగుతారు. డిగ్రీతోనే ఆగితే హెచ్‌ఆర్, ఎన్‌జీవోలు, పరిశోధన ప్రాజెక్టుల్లో అసిస్టెంట్ పనులు ఉంటాయి. సివిల్స్‌లో సైకాలజీ ఆప్షనల్ ఉందని కూడా నాన్నగారికి చెప్పు. మొత్తానికి ఇది మూడేళ్లతో అయిపోయే చదువు కాదు. ఆరేడేళ్లకు సిద్ధపడి దిగితే బాగుంటుంది, ఇంట్లో ఆ లెక్క ముందే చెప్పడం మంచిది.

పాలకొల్లు బైపీసీ
మేడమ్, చాలా థ్యాంక్స్. మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. దూరవిద్య మాట ఇక లేదు. ఇంకో భయం ఉంది. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం.

నల్గొండ నుంచి
చెల్లే, నేనూ అంతే. మొదటి ఏడాది కష్టమైంది, తర్వాత అలవాటైంది. పాఠం విన్న రోజే ఆ భావాన్ని తెలుగులో సొంతంగా రాసుకునేదాన్ని, పక్కన ఇంగ్లిష్ పదం పెట్టుకునేదాన్ని.

మానసిక పరీక్షల గురించిన టెస్టింగ్ పేపర్‌కి వచ్చాక తెలుగే నాకు కలిసొచ్చింది. సి.ఎం. భాటియా మన దేశం కోసం తయారుచేసిన పెర్ఫార్మెన్స్ టెస్టుల బ్యాటరీ, అంటే చేత్తో చేసి చూపించే తెలివితేటల పరీక్షల సెట్ ఉంటుంది, చదువు రానివాళ్లకి కూడా పెట్టొచ్చు. అందులో పాస్ అలాంగ్ అని ఒకటి. చిన్న ట్రేలో ఎరుపు, నీలం ముక్కలు ఉంటాయి. పైకి ఎత్తకుండా జరుపుతూనే కార్డులో ఉన్న బొమ్మలాగా తేవాలి. బడికెళ్లని మా పెద్దమ్మకి పెట్టాను. సూచనలు తెలుగులో నెమ్మదిగా చెప్తే, ముక్కల్ని కాసేపు చూసి, తర్వాత చకచకా జరిపేసింది. ఇంగ్లిష్ రాని మనిషికి తెలివి లేదనుకునే లోకంలో ఆ స్కోరు షీటు చూసి నాకు ఎంత గర్వంగా అనిపించిందో!

లీడ్స్‌లో తెలుగమ్మాయి
నేను బ్రిటన్‌లో బీఎస్సీ మూడో ఏడాది. ఇక్కడ డిగ్రీకి బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపు ఉందో లేదో ముందు చూస్తారు, ఎందుకంటే తర్వాతి ట్రైనింగ్‌కి అదే మెట్టు. అయినా ఇక్కడా డిగ్రీతో సైకాలజిస్ట్ అయిపోరు.

మాకు మొదట్లోనే చెప్పిన విషయం ఒకటి. 2015లో కొందరు పరిశోధకులు కలిసి, ప్రచురితమైన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూశారు. వాటిలో సగానికంటే తక్కువే పాత ఫలితాన్ని ఇచ్చాయి. అలాగే హెన్రిక్, హైన్, నోరెంజయన్ 2010లో రాసిన వ్యాసం ప్రకారం ఈ శాస్త్రంలో ఎక్కువ ప్రయోగాలు పాశ్చాత్య దేశాలవాళ్ల మీద, అందులోనూ కాలేజీ పిల్లల మీద చేసినవే. పాలకొల్లు మనుషుల గురించి ఎవరూ అడగలేదన్నమాట. నువ్వు అడగాల్సినవి చాలా మిగిలున్నాయి చెల్లీ.

తార్నాక
ఇంకో మాట మర్చిపోయాను. అబ్‌నార్మల్ పేపర్ చదివేటప్పుడు ప్రతి లక్షణం మనకే ఉన్నట్టు అనిపిస్తుంది, దాదాపు అందరికీ జరిగేదే. చుట్టాలు కూడా "మావాడికి కాస్త చెప్పు" అని పంపిస్తుంటారు. విను, కానీ వైద్యం మొదలుపెట్టకు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఇవ్వు, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

పాలకొల్లు బైపీసీ
ఓఏఎండీసీ (ఆంధ్రాలో డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్లు) ఆప్షన్లలో ల్యాబ్ ఉందని తెలిసిన కాలేజీని మొదట పెడుతున్నాను. ఆఖరి డౌట్, ప్రాక్టికల్ రికార్డు టైప్ చేయొచ్చా?

గుంటూరు గోంగూర
మా దగ్గర చేతిరాతే. గ్రాఫ్ పేపర్లు ఒక కట్ట కొనిపెట్టుకో. ప్రయోగంలో సబ్జెక్ట్‌గా (ప్రయోగం ఎవరి మీద చేస్తామో వాళ్లుగా) కూర్చున్న ఫ్రెండ్ తనకేమనిపించిందో చెప్పిన ఇంట్రోస్పెక్టివ్ రిపోర్ట్ మాత్రం ఆ రోజే రాయించుకో, మర్నాటికి ఎవరికీ గుర్తుండదు.