‘ఫ్రీ పిస్టన్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:

బయటి నుంచి ఇచ్చే వేడితో లోపలి వాయువును వ్యాకోచింపజేసి నడిచే స్టర్లింగ్ ఇంజన్లను విద్యుదుత్పత్తికి వాడటం గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. ‘ఫ్రీ పిస్టన్’ అన్నచోట అనువాద యంత్రం ‘ఉచిత పిస్టన్’ అని ఇచ్చింది. అది నవ్వుకొని కొట్టివేయదగినదే గాని, నేను రాసుకున్న ‘స్వేచ్ఛా ముషలకం’ (ముషలకం అంటే పిస్టనే) కూడా నాకు తృప్తినివ్వడం లేదు. పాఠ్యపుస్తకాల్లో స్వేచ్ఛాపతనం, స్వేచ్ఛా డోలనం ఉన్నాయి కదా, వాటి సరసన ఇదీ ఇమిడిపోతుందా? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం:

ఇమడదనే నా అభిప్రాయం. ఒకసారి కదిపి వదిలేసిన వస్తువు, బయటి బలమేదీ లేకుండా, తన సహజ పౌనఃపున్యంతో ఊగితే అది స్వేచ్ఛా డోలనం. ఈ ఇంజన్‌లో జరిగేది అది కాదు. పిస్టన్‌కు తగిలించిన ఆల్టర్నేటర్, అంటే కదలికను విద్యుత్తుగా మార్చే యంత్రం, ప్రతి ఊపులోనూ శక్తిని లాగేసుకుంటూ ఉంటుంది, వేడెక్కిన వాయువు ఆ లోటును అదే ఊపులో పూడుస్తూ ఉంటుంది. ‘స్వేచ్ఛా’ అని రాస్తే భౌతికశాస్త్రం చదివిన పాఠకుడు సరిగ్గా తప్పు దారి పడతాడు.

మాట వెతికే ముందు ఆ పిస్టన్ దేని నుంచి విడివడిందో చూడాలి. రాబర్ట్ స్టర్లింగ్ 1816లో పేటెంటు పొందిన ఇంజన్‌లోనూ, ఆ తరువాత చాలాకాలం వచ్చినవాటిలోనూ, పిస్టన్‌నూ, వాయువును వేడి వైపు నుంచి చల్లని వైపుకు తరలించే డిస్‌ప్లేసర్‌నూ కడ్డీలతో ఒకే క్రాంకుకు, అంటే వంపు తిరిగిన ఇరుసుకు, కట్టేవారు. పిస్టన్ ఎంత దూరం నడవాలి, రెండింటిలో ఏది ముందు ఎంత దశాభేదంతో కదలాలి, ఊపుకు నడిమి చోటు ఎక్కడ అన్న మూడు సంగతులనూ క్రాంకే నిర్ణయించేది. 1960ల తొలినాళ్ళలో ఓహియో విశ్వవిద్యాలయంలో బోధిస్తున్న విలియం బీల్ ఆ క్రాంకును తీసివేసి, రెండింటినీ వాయువు స్ప్రింగుల మధ్య ఊగనిచ్చాడు. దాంతో ఆ మూడు నిర్ణయాలూ లోహపు కొలతల చేతిలోంచి జారి, బలాల సమతౌల్యం చేతిలో పడ్డాయి.

ఆ బలాలు చిన్నవి కావు. 1 కిలో బరువున్న పిస్టన్ సెకనుకు 50 సార్లు ఊగాలంటే స్ప్రింగు స్థిరాంకం మీటరుకు దాదాపు 98,700 న్యూటన్లు ఉండాలి. కంపన పరిమితి 5 మిల్లీమీటర్లే అనుకున్నా, కొసల దగ్గర దాని మీద పడే బలం సుమారు 490 న్యూటన్లు, అంటే దాని సొంత బరువుకు 50 రెట్లు. ఈ స్ప్రింగులో చాలా భాగం లోపలి హీలియం పీడనమే కాబట్టి, వాయువు కారి పీడనం తగ్గితే స్ప్రింగు మెత్తబడి పౌనఃపున్యమూ పడిపోతుంది. ఇక నడక దూరాన్ని నిర్ణయించేది లోడు, అంటే ఆల్టర్నేటర్ నుంచి విద్యుత్తు వాడుకునే పరికరాల భారం. ఊపు పెరిగినప్పుడు ఇంజన్ ఇచ్చే శక్తికన్నా లోడు లాగే శక్తి వేగంగా పెరిగితేనే డోలనం ఒక పరిమితి దగ్గర నిలబడుతుంది. లోడు హఠాత్తుగా తెగిపోతే ఊపు పెరిగి పెరిగి పిస్టన్ వెళ్ళి కొసను గుద్దుతుంది. నడిమి చోటు కూడా స్థిరం కాదు. పిస్టన్ పక్క సందులోంచి ఒక దిశలో కారే వాయువు రెండో దిశలో కారేదానికి సమానం కాకపోవడం వల్ల ఆ చోటు మెల్లగా జరుగుతుంది, అందుకే పిస్టన్ నడిమికి వచ్చిన క్షణంలో రెండు వైపుల పీడనాలనూ సమం చేసే రంధ్రాలు పెడతారు.

ఇప్పుడు మాటల సంగతి. అచ్చతెలుగులో ‘విడి పిస్టన్’ అందామంటే అది దుకాణంలో విడిభాగాల అరలో కూర్చుంటుంది. ‘వదులు పిస్టన్’ అంటే అరిగిపోయిందని అర్థం. నిజానికి ఈ పిస్టన్‌కు రింగులూ నూనే లేకుండా, మైక్రాన్లలో లెక్కించే సందు మాత్రమే వదులుతారు. నాసా గ్లెన్ పరిశోధన కేంద్రంలో ఇటువంటి యంత్రమొకటి మరమ్మతు లేకుండా 14 ఏళ్ళు నడిచిందని 2020లో ప్రకటించారు. దాన్ని వదులు అనడం అన్యాయం. సంస్కృతం వైపు వెళితే ‘విశృంఖల’కు గొలుసులు తెగినదనే అర్థం ఉన్నా, తెలుగులో ఆ మాట ప్రవర్తన చెడినవారికే మిగిలింది. ‘అబద్ధ’ అంటే కట్టబడనిది, వ్యుత్పత్తికి అచ్చంగా సరిపోయేది, కాని ‘అబద్ధ పిస్టన్’ అని ఎవరు రాయగలరు?

నా ఓటు ‘ముక్త పిస్టన్’కు. కారణం మన ముక్తపదగ్రస్తం. ఒక పాదం చివర విడిచిన మాటను తరువాతి పాదం మొదట్లోనే తిరిగి పట్టుకోవడం ఆ అలంకారం. ఇక్కడా క్రాంకు విడిచిన పిస్టన్‌ను వాయువూ ఆల్టర్నేటరూ వెంటనే పట్టుకుంటాయి.

‘ముషలకం’ను మాత్రం నేను వదిలేస్తాను. రోకలికి పేరైన ముసలం నుంచి వచ్చిన మాట అది. పిస్టన్ అన్న మాట మూలంలోనూ దంచడమే ఉంది గనుక తప్పు పట్టలేం. అయినా ‘ముసలం పుట్టింది’ అనే జాతీయం చెవిలో మోగకుండా ఉండదు.

మరొక సభ్యుని అభ్యంతరం:

‘ముక్త’ అనగానే మోక్షం గుర్తొస్తుంది. ‘క్రాంక్ రహిత ఇంజన్’ అంటే సూటిగా ఉండదా?

సమాధానం:

సూటిగానే ఉంటుంది గాని సరిపోదండీ. క్రాంకు బదులు వాలుగా బిగించిన తిరుగుడు పళ్ళేన్ని పిస్టన్లు నెట్టే స్టర్లింగ్ ఇంజన్లూ ఉన్నాయి. వాటికీ క్రాంకు లేదు, అయినా పళ్ళెం వాలే నడక దూరాన్ని శాసిస్తుంది, కాబట్టి అవి ముక్తాలు కావు. మోక్షం మాటకొస్తే, ముక్తకం, ముక్తకంఠం అన్నప్పుడు మనకెవరికీ వైరాగ్యం కలగడం లేదు కదా.

ప్రశ్న అడిగినవారు:

ధన్యవాదాలండీ, ‘ముక్త పిస్టన్’ అనే రాస్తాను. అదే వ్యాసంలో ‘రీజనరేటర్’కు ‘పునరుత్పాదకం’ అని పెట్టాను, అది పరవాలేదా?

సమాధానం:

దాన్ని మార్చండి. పునరుత్పాదకం అంటే పాఠకుడికి గాలిమరలూ సౌరఫలకలూ తోస్తాయి. స్టర్లింగ్ దానికి పెట్టుకున్న పేరు ‘ఎకానమైజర్’. ఆ దారిన ‘పొదుపరి’ అనవచ్చు: చల్లని వైపు వెళ్ళే వాయువు తన వేడిని సన్నని తీగల పొరల్లో దాచి, తిరిగి వచ్చేటప్పుడు తీసుకుంటుంది.