కార్వెట్ సీ6 లేక కేమన్ ఎస్: శక్తికి డబ్బు పెట్టాలా, పనితనానికా?

తొలిమలుపు:

అందరికీ నమస్కారం. పదిహేనేళ్లుగా ఇంటిల్లిపాదికీ పనికొచ్చే కార్లే నడిపాను. ఇప్పుడు పిల్లలు పెద్దవాళ్లయ్యారు. రెండే సీట్లున్న కారు ఒకటి, పూర్తిగా నాకోసం, కొనుక్కోవాలని ఆరేళ్లుగా కూడబెడుతున్నాను. కొత్తది నా అందుబాటులో లేదు, వాడినదే కొంటాను. వెతగ్గా వెతగ్గా చివరికి రెండు మిగిలాయి.

ఒకటి షెవర్లే కార్వెట్ సీ6, ఎల్‌ఎస్3 ఇంజిన్ ఉన్నది. 6.2 లీటర్ల వీ8, 430 హార్స్‌పవర్. రెండోది 2009లో మార్పులతో వచ్చిన పోర్షే కేమన్ ఎస్. 3.4 లీటర్లు, ఆరు సిలిండర్లు, 320 హార్స్‌పవర్. రెండూ మాన్యువల్ గేర్లవే. నాకు దొరుకుతున్న రెండింటి ధరా దాదాపు సమానం. అంటే ఒక్కో హార్స్‌పవర్‌కు కేమన్‌లో ఎంత చెల్లిస్తానో, కార్వెట్‌లో అందులో ముప్పావు వంతే చెల్లిస్తాను. కాగితం మీద లెక్క తేలిపోయింది.

అయినా మనసు ఒప్పుకోవడం లేదు. కేమన్ తలుపు వేసినప్పుడు వచ్చిన శబ్దం ఇంకా నా చెవిలోనే ఉంది. స్విచ్చి నొక్కినా, గేరు మార్చినా, స్టీరింగ్ తిప్పినా అన్నీ ఒక్క చేతిలో తయారైనట్టు అనిపించింది. కార్వెట్ లోపలి ప్లాస్టిక్‌నూ, సీట్లనూ మోటారు పత్రికలు ఏళ్ల తరబడి విమర్శించిన సంగతి మీకు తెలిసిందే. కానీ కాలు నొక్కగానే ఆ వీ8 ముందుకు లాగిన తీరు చూశాక ఇవన్నీ ఒక్క క్షణం మరిచిపోయాను.

110 హార్స్‌పవర్ వదులుకునేంత విలువ పనితనానికి ఉందా? ఇదే నా ప్రశ్న. ఏడాదికి 6,000 కిలోమీటర్లకు మించి నడపను. కనీసం ఎనిమిదేళ్లు ఉంచుకుంటాను. ఆయిల్ మార్చడం, బ్రేకు ప్యాడ్లు వేయడం వరకు నాకు సొంతంగా వచ్చు.

ఎర్రరోడ్‌స్టర్:

రెండూ పక్కన పెట్టి ఒక్కసారి మజ్దా ఎంఎక్స్-5 నడిపి చూడండి. 1989లో మొదలైన ఈ కారు 2016 నాటికి పది లక్షలు తయారైంది. 2015లో వచ్చిన నాలుగో తరం బరువు ఒక టన్ను అటూఇటూ. బరువు తక్కువైతే టైర్లు, బ్రేకులు, బుష్‌లు అన్నీ నెమ్మదిగా అరుగుతాయి. అన్ని భాగాలూ చిన్నవే కాబట్టి మార్చుకోవడం కూడా తేలిక. తొమ్మిదేళ్లుగా నడుపుతున్నాను, ఇప్పటికీ ఊరికే ఒక చుట్టు తిరిగి రావాలనిపిస్తుంది. పనితనం కావాలి, ఖర్చు అదుపులో ఉండాలి అనుకునేవాళ్లకు దీనికి మించిన సమాధానం నాకు కనిపించలేదు.

పాతస్పానర్:

తొలిమలుపు గారూ, ఇరవై రెండేళ్లుగా ఇలాంటి కార్లు విప్పి బిగించడమే నా వృత్తి. ఎర్రరోడ్‌స్టర్ గారి మాట మంచిదే, కానీ మీ మనసు ఇప్పటికే ఈ రెండింటి మీద పడింది కాబట్టి వాటి గురించే చెబుతాను.

మీరు పనితనం అంటున్నది చేతికి తగిలే పనితనం. నూనెలో మునిగి ఉండే పనితనం వేరే. తలుపు శబ్దం, తోలు కుట్టు, స్విచ్చి బిగువు మొదటి రకం. అవి షోరూములో పది నిమిషాల్లో తెలిసిపోతాయి, తెలియాలనే వాటిని అలా చేస్తారు. బేరింగు ఎంతటిది వేశారు, కూలంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) గొట్టం లోహంతో చేశారా ప్లాస్టిక్‌తో చేశారా, మలుపులో ఆయిల్ ఒక పక్కకు ఒరిగినప్పుడు పంపుకు అందుతుందా, ఇవి రెండో రకం. తొమ్మిదో ఏటనో పదో ఏటనో తెలుస్తాయి.

ఒక కారు నాకు బాగా గుర్తు. ఎవరు చేసినదో చెప్పను. తలుపు వేస్తే బ్యాంకు లాకరు మూసినట్టు ఉండేది. డాష్‌బోర్డు మీద కుట్లు కొలబద్ద పెట్టి వేసినంత సూటిగా ఉండేవి. దాని ఇంజిన్ పైన, గాలి లోపలికి వెళ్లే ఇన్‌టేక్ కింద, అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ కూలంట్ గొట్టం ఒకటి ఉంది. ఏళ్ల తరబడి వేడికి అది పెళుసుబారి పగిలింది. యజమాని ఉష్ణోగ్రత ముల్లు గమనించేలోపే సిలిండర్ హెడ్ వంగిపోయింది. ఆ గొట్టాన్ని చేరడానికే నాకు రెండు రోజులు పట్టింది. ఆయన ఎంతో ఇష్టపడి కొన్న కారు అది. ఇంజిన్ విప్పదీసి బల్ల మీద పరిచినప్పుడు ఆయన ముఖం నేను మరిచిపోలేదు. పైన పటారం, లోన లొటారం అని పెద్దలు ఊరికే అనలేదు.

సంస్థ పేరు చూసి నమ్మకం పెట్టుకోకండి, ఇంజిన్ చూడండి. మీరు కోరుకుంటున్న పోర్షేనే తీసుకుందాం. 1996లో వచ్చిన బాక్స్‌టర్‌లో, ఆ వెంటనే వచ్చిన 996 తరం మామూలు 911లో ఎం96 అనే ఇంజిన్ ఉండేది. అందులో మధ్య షాఫ్టు చివరనున్న బేరింగు చెడితే ఇంజిన్ మొత్తం చేతికి రాకుండా పోయే ప్రమాదం ఉండేది. దాని మీద అమెరికాలో యజమానులు కలిసి వేసిన దావా 2013లో రాజీతో ముగిసింది. అదే 996 తరంలోని టర్బో, జీటీ3లకు వేరే ఇంజిన్ పెట్టారు, వాటికి ఈ బెడద లేదు. తలుపు శబ్దం మాత్రం అన్నింటిదీ ఒకటే. 2009 మార్పుల్లో ఇంజిన్‌ను కొత్తగా రూపొందించి ఆ మధ్య షాఫ్టునే తీసేశారు. అందుకే మీరు ఎంచుకున్న సంవత్సరం సరైనది. దానికి ముందుది చవకగా దొరికిందని మాత్రం జారిపోవద్దు.

ఇక కార్వెట్. లోపలి ప్లాస్టిక్ చూసి ఇంజిన్‌ను కూడా అదే తూకం వేస్తే పొరపాటు చేసినట్టే. ఎల్‌ఎస్3 నిర్మాణం సాదాసీదా: ఒకే క్యామ్ షాఫ్టు, సిలిండర్‌కు రెండేసి వాల్వులు, చెడిపోవడానికి తక్కువ భాగాలు. ఇదే సీ6 తరంలో జెడ్06 అనే పై రకం ఉంది. దాని 7.0 లీటర్ల ఎల్‌ఎస్7 ఇంజిన్‌ను చేత్తో కూర్చేవారు. కనెక్టింగ్ రాడ్లు, ఇన్‌టేక్ వాల్వులు టైటానియంతో చేసినవి. అంత ఖరీదైన ఇంజిన్‌లోని వాల్వ్ గైడ్ల (వాల్వుల కాడలు కదిలే సన్నని గొట్టాల) అరుగుదల గురించే యజమానులు ఏళ్లుగా ఆందోళన పడుతుంటారు. మామూలు ఎల్‌ఎస్3 గురించి అంతటి బెంగ ఎక్కడా వినం.

మరో సంగతి. చాలామంది సీ6 నేలను తట్టి చూసి చులకనగా మాట్లాడతారు. మిశ్రమ పదార్థపు పొరల మధ్య బాల్సా కలప పెట్టారు అందులో. అది కక్కుర్తి కాదు, తక్కువ బరువులో గట్టిదనం కోసం చేసిన పని. నాకు ఆ ఆలోచన చాలా ఇష్టం.

కానీ ఇంజిన్ సాదాసీదా అయినంత మాత్రాన ప్రతి పనీ చవక కాదు. కార్వెట్‌లో ఇంజిన్ ముందు, గేర్‌బాక్స్ వెనుక. రెండింటినీ కలిపే గొట్టం మధ్యలో. క్లచ్ మార్చాలంటే వెనుక సగం కిందికి దించాలి. కేమన్‌లో ఇంజిన్ సీట్ల వెనుక దాక్కుని ఉంటుంది, లోపలి కవర్లు ఊడదీస్తే గానీ పైనుంచి కనిపించదు. కాబట్టి రెండింటిలోనూ కూలి ఖర్చు ఉంటుంది. కొనేవాళ్లు తరచు మరిచిపోయేది ఇంకొకటి: కారు పాతబడే కొద్దీ దాని ధర తగ్గుతుంది గానీ, దాని విడిభాగాల ధర తగ్గదు. కొత్తలో అది ఏ తరగతి కారో, ఖర్చులో ఎప్పటికీ ఆ తరగతి కారే.

రాత్రిప్రయాణం:

పాతస్పానర్ గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది. అయినా చేతికి తగిలే పనితనాన్ని ఆయన మరీ తక్కువ చేశారు. నా మాట కూడా వినండి.

హార్స్‌పవర్ లెక్క చూసుకునే నేనూ ఒక కారు కొన్నాను. పేరు అనవసరం. ఇంజిన్ ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. డాష్‌బోర్డు వెనుక ఎక్కడో ఒక చప్పుడు మాత్రం ఉండేది. చలిగా ఉంటే ఎక్కువ, ఎండగా ఉంటే తక్కువ. స్పాంజి ముక్కలు కుక్కాను, క్లిప్పులు మార్చాను, రెండుసార్లు డాష్‌బోర్డు పూర్తిగా ఊడదీయించాను. పోలేదు. సీటు నడుముకు ఆనేది కాదు, గంట నడిపితే నొప్పి. ఆ శక్తి మొత్తం వాడుకునే చోటు నాకు నెలలో ఒకటి రెండు సార్లు దొరికేది. చప్పుడు, నడుము నొప్పి మాత్రం రోజూ ఉండేవి. పద్నాలుగు నెలలకు నష్టానికి అమ్మేశాను. ఆ నష్టంతో మరింత పనితనం ఉన్న కారు మొదటే వచ్చి ఉండేది.

ఎనిమిదేళ్లు ఉంచుకోవాల్సిన కారు ఇది. రాత్రి పడుకునే ముందు గ్యారేజీలోకి వెళ్లి ఒకసారి ఊరికే కూర్చోవాలనిపించాలి. అలా అనిపించని కారులో ఎన్ని హార్స్‌పవర్లు ఉన్నా దాన్ని విలువైన కొనుగోలు అని నేను అనలేను.

తొలిమలుపు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. రాత్రిప్రయాణం గారూ, గ్యారేజీలో ఊరికే కూర్చోవడం గురించి మీరు రాసింది చదివి నా భార్య నావైపు చూసి నవ్వింది, నేను చేసేది అదేనని. పాతస్పానర్ గారూ, ఏడాదికి 6,000 కిలోమీటర్లే అన్నాను కదా. అంత తక్కువ వాడకంలో నూనెలో మునిగి ఉండే పనితనం నిజంగా నాదాకా వస్తుందా? వస్తే, కొనేముందు దాన్ని చూడటం ఎలా?

పాతస్పానర్:

రాత్రిప్రయాణం గారు సీటు గురించి చెప్పింది ఒప్పుకుంటున్నాను. నడుము నొప్పి పెట్టే కారును ఏ స్పానరూ బాగుచేయలేదు.

తక్కువ నడిపే కారును అరుగుదల కన్నా వయసు ఎక్కువగా దెబ్బతీస్తుంది. రబ్బరు ఎండుతుంది, సీళ్లు గట్టిపడతాయి, బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీలుస్తుంది. కాబట్టి మీ విషయంలో కిలోమీటర్ల అంకె చూసి మురిసిపోవద్దు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. నాలుగు టైర్లూ ఒకే రకమా, ఎప్పటివి అన్నది చూస్తే ఆ యజమాని మిగతా కారును ఎలా చూసుకున్నాడో సగం తెలిసిపోతుంది.

వెళ్లేముందు ఇంజిన్ వేడి చేయవద్దని చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి స్టార్టు చేసిన ముప్పై సెకన్లలో వినిపించేది తరువాత వినిపించదు. కారును లిఫ్టు మీదికి ఎక్కించమనండి. ఆయిల్ ఫిల్టర్ విప్పి మడతల్లో మెరిసే లోహపు పొడి ఉందేమో చూడండి. కేమన్‌లో స్పార్క్ ప్లగ్గుల దారిన సన్నని కెమెరా దింపి సిలిండర్ గోడలు చూపించమని అడగండి. ముందు బంపర్ రంధ్రాల వెనుక రేడియేటర్లు ఉంటాయి, అక్కడ ఎండుటాకులు చేరి తడిసి లోహాన్ని తినేస్తాయి. ఆ లోపలికి టార్చి వేయండి. కార్వెట్‌లో ఇంజిన్ నడుస్తుండగా క్రాంక్ ముందున్న పుల్లీ సూటిగా తిరుగుతుందా, ఊగుతుందా అన్నది చూడండి. క్లచ్ ఎప్పుడు మార్చారో కాగితంతో చూపించాలి, నోటిమాట చాలదు.

ఏది కొన్నా ధరలో ఆరో వంతు పక్కన పెట్టుకోండి, మొదటి ఏడాదికే. ఆరో వంతు మిగలకపోతే ఆ కారు మీకు ఇంకా అందుబాటులోకి రాలేదని అర్థం. ఇది కటువుగా ఉండవచ్చు, కానీ అలా మిగుల్చుకోని వాళ్ల కార్లు నా దగ్గర నెలల తరబడి దుమ్ముపట్టి ఉండటం చూశాను.

తొలిమలుపు:

మూడు వారాల తరువాత రాస్తున్నాను. కార్వెట్ యజమానికి లిఫ్టు మాట ఎత్తగానే చిరాకు వచ్చింది. క్లచ్ కాగితాలూ లేవు. ఇంజిన్ మీద చేయి పెడితే అప్పటికే వెచ్చగా ఉంది. ఇంకొక మంచి సీ6 కోసం ఆగుదామా అని వారం ఆలోచించాను, ఎందుకంటే ఆ లాగుడు ఇప్పటికీ మరిచిపోలేదు. కేమన్ యజమానురాలు ఇంజిన్ చల్లగా ఉంచి, ఫైలు బల్ల మీద పెట్టుకుని నాకోసం ఎదురుచూస్తోంది. మీరు చెప్పినవన్నీ చూడనిచ్చింది, కెమెరాతో సహా. గోడలు శుభ్రంగా ఉన్నాయి.

కేమన్ కొన్నాను. ఆరో వంతు పక్కన ఉంది, అందులో సగం టైర్లకే పోతుంది, నాలుగూ 2014వి. మొదటి ఆదివారం ముందు బంపర్ విప్పి రెండు గుప్పెళ్ల ఎండుటాకులు తీశాను. లోహం బాగానే ఉంది.